మెదడు రెండు సగాలు ధ్యాసను, శ్రమను ఎలా పంచుకుంటాయి? – తరచుగా అడిగే ప్రశ్నలు

మా బంధువుల్లో ఒక పెద్దాయనకు మెదడు కుడి సగంలో రక్తనాళం మూసుకుపోయి, ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మూడో రోజున అరిటాకులో భోజనం వడ్డిస్తే, కుడివైపున ఉన్న అన్నం, పప్పు, వేపుడు శుభ్రంగా తిని, “ఈ పూట పచ్చడి వెయ్యలేదేమమ్మా?” అని కోడలిని అడిగారు. పచ్చడి, పెరుగు, సగం అన్నం ఆకు ఎడమవైపున చెయ్యి పడకుండా అలాగే ఉన్నాయి. ఆవిడ ఏమీ అనకుండా ఆకును అటుదిటు తిప్పి పెట్టింది. ఆయన, అప్పుడే వడ్డించారనుకుని, మళ్లీ తినడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు, వాటి వెంట పుట్టుకొచ్చిన మరికొన్నింటికి ఇక్కడ జవాబులు ఉన్నాయి.

ధ్యాస విషయంలో రెండు అర్ధగోళాల మధ్య పంపకం ఏమిటి?

మౌలికమైన పంపకం అడ్డంగా ఉంటుంది. ఎడమ అర్ధగోళం, అంటే మెదడు ఎడమ సగం, శరీరం కుడి సగాన్ని, కుడివైపు ప్రపంచాన్ని చూసుకుంటుంది. కుడి అర్ధగోళం ఎడమవైపును చూసుకుంటుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఎడమ కంటి సమాచారమంతా కుడి మెదడుకు వెళ్తుందని అనుకుంటారు. నిజానికి ప్రతి కన్నూ రెండు అర్ధగోళాలకూ సమాచారం పంపుతుంది. విడిపోయేది కన్ను కాదు, దృశ్యం. మీరు చూపు నిలిపిన బిందువుకు ఎడమవైపున ఉన్నదంతా, అది ఏ కంటికి కనబడినా సరే, ముందుగా కుడి అర్ధగోళానికే చేరుతుంది.

అలా విడివిడిగా చేరిన సగాలను కలిపే వంతెన కార్పస్ కలోసమ్. అందులో దాదాపు 20 కోట్ల నాడీ తంతువులు ఉంటాయి. ఎదుటి మనిషి ముఖం మధ్యలో అతుకు కనబడకుండా ఒకే ముఖంగా కనబడుతున్నదంటే అది ఈ వంతెన చలవే.

‘నేను కుడి మెదడు మనిషిని’ అనడంలో నిజముందా?

లేదు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 7 నుంచి 29 ఏళ్ల మధ్య వయసున్న వెయ్యి మందికి పైగా వ్యక్తుల మెదడు స్కాన్లను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని పనులు ఒక పక్కకు ఒరిగి ఉంటాయన్నది వాటిలో స్పష్టంగా కనబడింది. కానీ ఒక మనిషిలో మొత్తం ఎడమ సగమో, మొత్తం కుడి సగమో రెండోదానికంటే బలంగా పనిచేస్తున్న దాఖలా దొరకలేదు. కళాకారులు కుడివైపు, లెక్కల మాస్టార్లు ఎడమవైపు అన్న విభజన వ్యక్తిత్వ వికాసం క్లాసులకు పనికివస్తుందేమో గానీ మెదడుకు వర్తించదు.

భాష మాత్రం నిజంగానే ఒక పక్కన ఉంటుంది. పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా 1861లో ‘టాన్’ అన్న ఒక్క ముక్క తప్ప మరేదీ పలకలేని రోగి మెదడును పరీక్షించినప్పటి నుంచి ఈ విషయం తెలుసు. కుడిచేతివాటం వాళ్లలో సుమారు 95 శాతం మందికి, ఎడమచేతివాటం వాళ్లలో సుమారు 70 శాతం మందికి మాటను నడిపించేది ఎడమ అర్ధగోళమే.

పెద్దాయనకు ఆకులో ఎడమ సగం ఎందుకు కనబడలేదు?

కనబడలేదు అనడం కంటే ఆయన ధ్యాసకు అందలేదు అనడం సరైన మాట. ఈ స్థితిని వైద్యులు నెగ్లెక్ట్ అంటారు. తెలుగులో పార్శ్వ విస్మరణ అనవచ్చు. సగం చూపు పోయిన మనిషికి తనకు ఒక పక్క కనబడటం లేదని తెలుస్తుంది గనుక అటు తల తిప్పి చూసుకుంటాడు. విస్మరణ ఉన్న మనిషి అలా తిప్పడు, ఎందుకంటే అటువైపు చూడదగినది ఒకటున్నదన్న భావనే అతనికి కలగదు. గడియారం బొమ్మ గీయమంటే పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే ఇరికిస్తాడు. గడ్డం గీసుకుంటే కుడి చెంప మాత్రమే నున్నగా తయారవుతుంది. కాగితం మీద అడ్డగీత ఇచ్చి మధ్యలో గుర్తు పెట్టమంటే, గుర్తు బాగా కుడికి జరిగిపోతుంది.

న్యూరాలజిస్టులు మంచం పక్కనే చేసే ఒక చిన్న పరీక్ష ఈ విషయాన్ని బాగా పట్టి చూపిస్తుంది. వైద్యుడు తన ముక్కు వైపే చూడమని రోగికి చెప్పి, రోగికి ఎడమ పక్కన ఒక్క వేలు కదుపుతాడు. రోగి ‘కదిలింది’ అంటాడు. తరువాత కుడి పక్కన కదుపుతాడు, అదీ చెబుతాడు. ఆపైన రెండు పక్కలా రెండు వేళ్లను ఒకేసారి కదిపితే, కుడివైపుది మాత్రమే కదిలిందంటాడు. ఒంటరిగా ఉన్నప్పుడు కనబడిన వేలు, పోటీ రాగానే మాయమైంది. అంటే లోపం కంటిలో లేదు. రెండు పక్కలూ ధ్యాస కోసం పోటీ పడే చోట ఉంది.

ఇటలీ పరిశోధకులు బిసియాక్, లుజ్జాటి 1978లో ఇంకా విచిత్రమైన సంగతి బయటపెట్టారు. మిలాన్ నగరవాసులైన ఇద్దరు రోగులను, అక్కడి పెద్ద చర్చి ఎదుట ఉన్న చౌకును ఊహించుకుని వర్ణించమన్నారు. చర్చికి ఎదురుగా నిలబడినట్లు ఊహించుకున్నప్పుడు రోగులు కుడివైపు కట్టడాలనే చెప్పారు. ఇప్పుడు చర్చి మెట్ల మీద నిలబడి ఇటు చూస్తున్నట్లు ఊహించుకోమంటే, ఇందాక వదిలేసిన కట్టడాలను చెప్పి, ఇందాక చెప్పినవాటిని వదిలేశారు. జ్ఞాపకంలో చౌకు మొత్తం భద్రంగానే ఉంది. ఊహలో కూడా ఎడమవైపుకు ధ్యాస వెళ్లలేదు, అంతే.

ఎడమ అర్ధగోళం దెబ్బతింటే కుడివైపును ఇలాగే మరిచిపోవాలి కదా?

న్యాయంగా చూస్తే అలాగే జరగాలి. కానీ కుడి విస్మరణ అరుదు, వచ్చినా స్వల్పంగా ఉండి త్వరగా తగ్గిపోతుంది. ఈ అసమానతే ధ్యాస పంపకంలోని అసలు రహస్యం. దీనికి రెండు ప్రధాన వివరణలు ఉన్నాయి.

మార్సెల్ మెసులమ్, కెన్నెత్ హీల్మన్ వంటి న్యూరాలజిస్టుల వివరణ ప్రకారం, ఎడమ అర్ధగోళం కుడివైపును మాత్రమే గమనిస్తుంది, కుడి అర్ధగోళం రెండు వైపులనూ గమనిస్తుంది. అందువల్ల ఎడమది దెబ్బతింటే కుడివైపును చూసేందుకు ఇంకొకరు మిగిలి ఉంటారు. కుడిది దెబ్బతింటే ఎడమవైపును చూసే నాథుడే ఉండడు. మార్సెల్ కిన్స్‌బోర్న్ వివరణ వేరు. రెండు అర్ధగోళాలూ ధ్యాసను చెరోవైపు లాగుతుంటాయి, ఒకదాన్ని ఒకటి అణచిపెడుతుంటాయి, కుడివైపుకు లాగే ఎడమ అర్ధగోళానికి బలం కాస్త ఎక్కువ. కుడిది బలహీనపడగానే ఎడమదానికి అడ్డు లేకుండా పోయి ధ్యాస మొత్తం కుడికి వాలిపోతుంది. రెండు వేళ్ల పరీక్ష ఫలితం కిన్స్‌బోర్న్ వైపే మొగ్గుతున్నదని నాకు అనిపిస్తుంది. అయితే రెండు వివరణలూ కలిసి నిజం కావడానికి అడ్డేమీ లేదు.

కుడి అర్ధగోళానికి మరో బాధ్యత కూడా ఉంది. అనుకోకుండా ఎదురైనదాని వైపు ధ్యాసను మళ్లించే వ్యవస్థ ప్రధానంగా కుడివైపున, కణతకూ నడినెత్తికీ మధ్యభాగంలో ఉన్నదని కార్బెటా, షుల్మన్ 2002లో వివరించారు. మనం కావాలని ఒకదాని మీద ధ్యాస పెట్టే వ్యవస్థ మాత్రం రెండు అర్ధగోళాల్లోనూ దాదాపు సమానంగా ఉంటుంది. చాలాసేపు మెలకువగా కాపలా కాయడంలోనూ కుడిదే పెద్ద చెయ్యి.

ఆరోగ్యంగా ఉన్నవారిలో ఈ అసమానత కనబడుతుందా?

కనబడుతుంది, అయితే చాలా కొద్దిగా. ఒక తెల్ల కాగితం మీద జానెడు అడ్డగీత గీసి, కొలబద్ద లేకుండా కంటి అంచనాతో మధ్యలో గుర్తు పెట్టి చూడండి. ఇలాంటి గీతలు పది గీస్తే, ఎక్కువమంది పెట్టే గుర్తుల సగటు అసలు మధ్యబిందువుకు కొద్దిగా ఎడమకు పడుతుంది. కుడి అర్ధగోళం కాస్త చురుగ్గా ఉండటం వల్ల ఎడమవైపు కొంచెం పెద్దదిగా తోస్తుందన్నది దీనికి చెప్పే కారణం. నిద్రలేమి వల్ల మెలకువ సన్నగిల్లినప్పుడు ఈ గుర్తు కుడివైపుకు జరుగుతుందని కూడా గమనించారు.

చదివే దిశ ఇందులో కొంత జోక్యం చేసుకుంటుంది. ఎడమ నుంచి కుడికి చదివే ఫ్రెంచివారు, కుడి నుంచి ఎడమకు చదివే హీబ్రూవారు ఇదే గీత మీద వేర్వేరు పక్కలకు మొగ్గు చూపారు. హిందీ, ఉర్దూ చదువరులకు ముఖాల బొమ్మలు చూపి చేసిన పోలికలో కూడా ఎడమ మొగ్గు హిందీ చదువరుల్లోనే స్పష్టంగా కనబడింది. ఒకే దుకాణం బోర్డు మీద తెలుగు ఎడమ నుంచి, ఉర్దూ కుడి నుంచి మొదలయ్యే హైదరాబాదులో రెండు లిపులూ ధారాళంగా చదివేవారి గుర్తు ఎటు పడుతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

రెండు సగాల మధ్య వంతెనను కోసేస్తే ధ్యాస రెండుగా చీలిపోతుందా?

మందులకు లొంగని మూర్ఛను అదుపు చేయడానికి కార్పస్ కలోసమ్‌ను కోసే శస్త్రచికిత్స 1940 ప్రాంతంలోనే మొదలైంది. 1962 నుంచి కాలిఫోర్నియాలో అలాంటి రోగులను రోజర్ స్పెర్రీ, మైకేల్ గజానిగా పరీక్షించడంతో దాని పర్యవసానాలు లోకానికి తెలిశాయి. స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి దక్కింది. చూపు నిలిపిన బిందువుకు ఎడమవైపున ఒక వస్తువు బొమ్మను క్షణకాలం చూపితే, ఆ రోగులు ‘ఏమీ కనబడలేదు’ అని నోటితో అనేవారు. అదే సమయంలో తెర వెనుక ఉన్న వస్తువుల్లోంచి ఎడమ చెయ్యి తడిమి సరిగ్గా ఆ వస్తువునే తీసేది. చూసినది కుడి అర్ధగోళం, మాట్లాడేది ఎడమ అర్ధగోళం, ఒకరి కబురు ఒకరికి అందే దారి లేదు.

జ్ఞానం చీలిందన్నది దీనితో తేలింది. ధ్యాస సంగతి ఇంత సూటిగా లేదు. 1989లో స్టీవెన్ లక్, గజానిగా తదితరులు, అనేక ఆకారాల మధ్య ఒక ప్రత్యేకమైన ఆకారాన్ని వెతికే పని ఇచ్చి చూశారు. మామూలు మనుషులకు ఆకారాలన్నీ ఒక పక్కనే ఉన్నా, రెండు పక్కలా పంచి ఉన్నా వెతకడానికి పట్టే సమయంలో తేడా లేదు. వంతెన తెగిన రోగులకు మాత్రం రెండు పక్కలా పంచినప్పుడు వెతుకులాట సుమారు రెండింతలు వేగంగా సాగింది, ఇద్దరు మనుషులు చెరో అర నుంచి వెతుకుతున్నట్లు. ఒక అవయవ సంబంధాన్ని కోసేస్తే పని మెరుగుపడిన అరుదైన సందర్భం ఇది.

అయినా శ్రమ మాత్రం పూర్తిగా చీలలేదు. హోల్ట్జ్‌మన్, గజానిగా అంతకు ముందే 1982లో, వంతెన తెగిన రోగిలో ఒక అర్ధగోళానికి బరువైన పని అప్పగిస్తే రెండో అర్ధగోళం చేసే పని కుంటుపడుతుందని చూపించారు. సమాచారం దాటే దారి లేకపోయినా శ్రమ భారం దాటింది. ఖాతాలు వేరైనా ఖజానా ఒకటేనన్నమాట. ఆ ఉమ్మడి ఖజానా, కోత పడని అడుగు భాగంలో, అంటే మెలకువను, ఉత్తేజాన్ని నియంత్రించే మెదడు కాండం ప్రాంతంలో ఉండవచ్చని భావిస్తారు.

పనిని రెండు సగాలూ పంచుకోవడం ఎప్పుడూ లాభమేనా?

కాదు. ఈ విషయాన్ని కొలతల్లో చూపించినవారిలో ముఖ్యురాలు మేరీ బానిక్. 1990లో ఆమె, బెల్జర్ కలిసి ప్రచురించిన ప్రయోగాల తీరు ఇది. తెర మీద క్షణకాలం మూడు ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. పైన రెండు పక్కలా రెండు, కింద ఒక పక్కన ఒకటి. కిందిది పైవాటిలో ఒకదానితో సరిపోలుతుందా అన్నది చెప్పాలి. సరిపోలే జత కొన్నిసార్లు ఒకే పక్కన ఉంటుంది, కొన్నిసార్లు చెరో పక్కన ఉంటుంది.

రెండూ పెద్ద ‘ఏ’లే అయినప్పుడు, అంటే ఆకారం చూసి చెప్పగలిగినప్పుడు, జత ఒకే అర్ధగోళానికి అందితేనే పని త్వరగా అయింది. ఒకటి పెద్ద ‘ఏ’, మరొకటి చిన్న ‘ఏ’ అయినప్పుడు, అంటే ఆకారం వేరైనా పేరు ఒకటేనని పోల్చుకోవలసినప్పుడు, జతను చెరో అర్ధగోళానికి పంచితేనే మేలు జరిగింది. మన లిపిలో పెద్ద బడి, చిన్న బడి లేవు గనుక ఈ ప్రయోగాన్ని తెలుగులో ఉన్నదున్నట్లు చేయడం కుదరదు.

కారణం మనకు తెలిసినదే. వంతెన దాటించడానికి ఖర్చుంది. సరళమైన పనిలో ఆ ఖర్చే ఎక్కువ, బరువైన పనిలో ఇద్దరు చెయ్యి వేయడం వల్ల కలిగే లాభం ఎక్కువ. పొయ్యి మీద పాలు దించడానికి ఇద్దరు వస్తే అడ్డం పడతారు. పెళ్లి గుండిగను దించడానికి ఒక్కరు చాలరు. వంతెన దాటడానికి పట్టే సమయాన్ని పాఫెన్‌బర్గర్ 1912లోనే ఒక ఉపాయంతో అంచనా వేశాడు. వెలుగు ఏ పక్కన మెరిస్తే ఆ పక్క చేత్తో మీట నొక్కడానికీ, ఎదుటి పక్క చేత్తో నొక్కడానికీ మధ్య తేడాను కొలిచాడు. అది సెకనులో వెయ్యో వంతులు మూడో నాలుగో మాత్రమే. ఇంత చిన్న తేడా సాదా సంకేతానికి వర్తిస్తుంది. పోల్చదగిన వివరమున్న సమాచారాన్ని దాటించడం ఇంతకంటే ఖరీదైన వ్యవహారం.

కదిలే వస్తువుల విషయంలో పంపకం ఇంకా స్పష్టం. తెర మీద అటూఇటూ తిరిగే చుక్కల్లో కొన్నింటిని, చూపు మధ్యలోనే నిలిపి, ధ్యాసతో వెంబడించమంటే, అవన్నీ ఒక పక్కనే ఉన్నప్పటికంటే రెండు పక్కలా ఉన్నప్పుడు సుమారు రెట్టింపు చుక్కలను వెంబడించగలమని అల్వారెజ్, కావనా 2005లో చూపించారు. వెతకడానికి ఒకే ధ్యాస, వెంబడించడానికి రెండు ధ్యాసలు! ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ‘ధ్యాస ఒకటా, రెండా?’ అన్న ప్రశ్నకు పనిని బట్టి జవాబు మారుతుందని ఒప్పుకోక తప్పదు.

మాట్లాడుతూ చేతిపని చేస్తే ఏ చెయ్యి తడబడుతుంది?

చిన్నప్పుడు చూపుడు వేలి కొన మీద కర్రను నిలబెట్టి ఆడే ఆట గుర్తుందా? కిన్స్‌బోర్న్, కుక్ 1971లో దాదాపు అదే ఆటను ప్రయోగంగా మలిచారు. కుడి వేలి మీద కర్ర నిలబెట్టినవారు వాక్యాలు వల్లె వేస్తూ ఉంటే కర్ర త్వరగా పడిపోయింది. ఎడమ వేలి మీద అలా జరగలేదు. కుడి చేతిని నడిపేదీ, మాటను నడిపేదీ ఒకే ఎడమ అర్ధగోళం కావడమే ఇందుకు కారణం.

అలాగైతే మాట ఎడమదాని పని, దారి చూసుకోవడం కుడిదాని పని గనుక ఫోనులో మాట్లాడుతూ బండి నడపవచ్చునని కొందరు వాదిస్తారు. అది ప్రమాదకరమైన వాదన. స్ట్రేయర్, జాన్‌స్టన్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, ఫోను చేతిలో పట్టుకున్నవారూ, చేతులతో పట్టుకోకుండా మాట్లాడినవారూ ఒకే తీరుగా సంకేతాలను గమనించకుండా పోయారు. సంభాషణ ఉమ్మడి ఖజానాకే చిల్లు పెడుతుంది. బ్లూటూత్ దాన్ని పూడ్చలేదు.

ఒకేసారి ఎన్ని పనులను మనసులో పెట్టుకోగలం?

ఫ్రాన్సులో షారోన్, కోష్లాన్ 2010లో చేసిన పరిశోధనలో, ఒకే పని ఉన్నప్పుడు నుదుటి వెనుక భాగం రెండు పక్కలా ఆ లక్ష్యానికే పనిచేసింది. రెండు పనులు మార్చి మార్చి చేయవలసి వచ్చినప్పుడు ఒక లక్ష్యాన్ని ఎడమ పక్క, రెండో లక్ష్యాన్ని కుడి పక్క పట్టుకున్నాయి. మూడో పని చేర్చినప్పుడు తప్పులు బాగా పెరిగాయి. పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు మరి.

అలాగైతే అష్టావధాని ఎనిమిది పనులు ఎలా చేస్తాడు?

తెలుగువారు ఈ ప్రశ్న అడగకుండా ఉండలేరు, అడగవలసిందే. ధ్యాసకు మన మనస్తత్వశాస్త్ర గ్రంథాల్లో వాడే మాట కూడా అవధానమే. అయితే సభలో జరిగేదాన్ని దగ్గరగా గమనిస్తే ఎనిమిదీ ఒకేసారి జరగడం లేదని తెలుస్తుంది. పృచ్ఛకులు వంతులవారీగా వస్తారు. సమస్యకు ఒక పాదం చెప్పి, దత్తపదికి ఒక పాదం చెప్పి, నిషిద్ధాక్షరి దగ్గర అక్షరానికో ఆటంకం దాటుకుంటూ, తిరిగి సమస్య రెండో పాదానికి వస్తాడు. అంటే అవధాని చేసేది పనిని చక్కగా మధ్యలో ఆపి, వదిలిన చోటు మరవకుండా తిరిగి అందుకోవడం. చివర్లో పద్యాలన్నీ అప్పజెప్పే ధారణ ఈ విద్యకు పరాకాష్ఠ. అందులో ఛందస్సు చేసే సాయం తక్కువది కాదు.

నిజంగా సమాంతరంగా నడిచేవి రెండే కనబడతాయి. మధ్యమధ్య మోగే గంటలను లెక్కపెట్టడం ఒకటి, అప్రస్తుత ప్రసంగి ఎప్పుడు అడ్డుపడతాడోనని చెవి ఒగ్గి ఉండటం మరొకటి. అనుకోనిదాని వైపు ధ్యాసను లాగే కుడి అర్ధగోళ వ్యవస్థ గురించి విద్యార్థులకు చెప్పవలసి వస్తే, అప్రస్తుత ప్రసంగి కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

కష్టపడి ఆలోచిస్తే మెదడు ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుందా?

శరీరం బరువులో 2 శాతమే ఉన్న మెదడు మన శక్తిలో సుమారు 20 శాతం వాడుకుంటుంది. కానీ అది ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు. కష్టమైన పని పెట్టినప్పుడు పెరిగే ఖర్చు సాధారణంగా 5 శాతానికి లోపే ఉంటుంది. మానసిక శ్రమను చూడాలంటే కంటిపాప మంచి కిటికీ. అంకెలు ఒక్కొక్కటే చెప్పి గుర్తుపెట్టుకోమంటే, అంకె అంకెకూ కంటిపాప విచ్చుకుంటుందని, తిరిగి అప్పజెబుతుంటే ముడుచుకుంటుందని కానమన్, బీటీ 1966లో చూపించారు.

వయసు పెరిగితే ఈ పంపకం మారుతుందా?

మారుతుంది. యువకులు నుదుటి వెనుక భాగంలో ఒక పక్కతో చక్కబెట్టే జ్ఞాపకశక్తి పనులకు పెద్దవారు రెండు పక్కలనూ వాడతారని రాబర్టో కబేజా 2002లో వివరించాడు. ఇది బలహీనతకు గుర్తేనా అంటే, అలా రెండు పక్కలనూ వాడినవారే తమ ఈడువారిలో మెరుగ్గా చేశారు. గుండిగ బరువెక్కినప్పుడు రెండో మనిషిని పిలవడం లాంటిదే ఇది.

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడానికి దీనితో సంబంధం ఉందా?

ఉందనే చెప్పాలి. బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో ఎడమ అర్ధగోళంలోని ఒక వ్యవస్థ కుడిదానంత గాఢంగా నిద్రపోదు. ఎడమ అర్ధగోళానికి చేరేలా కుడి చెవిలో వినిపించిన వింత శబ్దానికి మెలకువ తొందరగా వచ్చింది. మెలకువలో కాపలాదారు కుడిదైతే ఇక్కడ ఎడమది కావడం విశేషం. డాల్ఫిన్లు ఏకంగా ఒక సగాన్ని నిద్రపుచ్చి రెండో సగంతో ఈదుతూ ఉంటాయి.

రెండు సగాలనూ ‘సమతూకం’ చేసే కసరత్తులు ఉన్నాయా?

వంతెన బాగున్న మనిషిలో రెండు సగాలూ క్షణక్షణం మాట్లాడుకుంటూనే ఉంటాయి గనుక సమతూకం చేయవలసిన అవసరమే లేదు. ఎడమ చేత్తో పళ్లు తోముకుంటే ఎడమ చేత్తో పళ్లు తోముకోవడం వస్తుంది.

ఇంట్లో విస్మరణ ఉన్న రోగి ఉంటే ఏమి చేయాలి?

మొదట ఒక హెచ్చరిక. కుడి అర్ధగోళంలో పక్షవాతం వచ్చినప్పుడు మాట తరచుగా బాగానే ఉంటుంది, పైగా తనకేమీ కాలేదని రోగి గట్టిగా అంటాడు. ఆ మాట నమ్మి కూర్చోకుండా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి వాలిపోయినా వెంటనే 108కి ఫోను చేయాలి. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలుగుతారు.

విస్మరణ చాలామందిలో తొలి వారాల్లో, నెలల్లో గణనీయంగా తగ్గుతుంది, కొందరిలో మిగిలిపోతుంది. ‘ఎడమవైపు చూడండి’ అని పదేపదే అనడం వల్ల ఆ క్షణానికి చూస్తారు తప్ప అలవాటు కాదు. చూపును క్రమపద్ధతిలో ఎడమ అంచు దాకా తీసుకువెళ్లే సాధన పునరావాస చికిత్సలో నేర్పిస్తారు. ఇంట్లో మందులు, మంచినీళ్లు, కాలింగ్ బెల్ వంటి అవసరమైన వస్తువులు మొదట్లో కుడివైపున ఉంచాలి. మంచానికి ఎడమవైపు అడ్డుపట్టీ పెట్టాలి. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటుంది గనుక ఒకరు ఆ పక్కన నడవాలి. మా పెద్దాయన పేపరు చదివేటప్పుడు ప్రతి వరుసా సగం నుంచి మొదలుపెట్టి, వార్తలకు అర్థం లేకుండా పోయిందని పత్రికవారిని తిట్టేవారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పగా, కాగితం ఎడమ అంచున నిలువుగా ఎర్ర టేపు అంటించి, టేపు కనబడే దాకా చూపు జరిపాకే చదవమన్నాము. రెండు నెలలకు టేపు లేకుండా చదివారు. ఆకులో పచ్చడి మాత్రం ఇప్పటికీ కుడివైపునే వేయించుకుంటారు.